రేవులో కాపలా

శ్రోతలందరికీ నమస్కారం. కరోనా టైంలో క్వారంటైన్ అనే మాట చిన్నపిల్లల నోట్లో కూడా నానింది, కానీ ఆ పద్ధతి పుట్టింది ఆసుపత్రుల్లో కాదండీ, ఓడరేవుల్లో. ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న డుబ్రోవ్నిక్, అప్పట్లో రగూసా అనేవారు, ఆ ఊరివాళ్లు 1377లోనే ఒక చట్టం చేశారు, ప్లేగు ఉన్న చోట నుంచి ఎవరొచ్చినా 30 రోజులు ఊరి బయటే ఉండాలని. తర్వాత్తర్వాత అది 40 రోజులైంది. 1423లో వెనిస్ వాళ్లయితే దీనికోసం ఒక దీవి మీద ఆసుపత్రే పెట్టేశారు.

రూల్ పెట్టడం వరకూ బాగానే ఉంది, మరి బాగా డబ్బున్నవాళ్ల సరుకు వస్తే? దానికి ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో ఏం జరిగిందో చెప్పాలి.

1720 మే 25న గ్రాన్ సాంత్ ఆంత్వాన్ అనే ఓడ అక్కడికి వచ్చింది, సిరియా తీరం వైపు నుంచి పట్టు, పత్తి బేళ్లు వేసుకుని. దారిలోనే చాలామంది కలాసీలు పోయారు, ఓడలో ఉన్న డాక్టరు కూడా పోయాడు. ఇటలీలోని లివోర్నో రేవువాళ్లు మా దగ్గరికి రావద్దని పంపించేశారు. అయినా బయల్దేరిన రేవులో ఇచ్చిన కాగితంలో మాత్రం అక్కడ ఏ రోగమూ లేదనే ఉంది! అనుమానం ఉన్న ఓడని దూరంగా జార్ అనే దీవి దగ్గర ఆపాలి, అదీ పద్ధతి. కానీ ఆ సరుకులో నగర పాలకుల్లో ఒకాయన ఎస్టెల్‌కి వాటా ఉంది, పైగా జులైలో బోకేర్ అనే ఊళ్లో పెద్ద సంత, అప్పటికి బట్ట అందకపోతే వ్యాపారులకి నష్టం. దాంతో ఖరీదైన బేళ్లని ఊరి పక్కనే ఉన్న క్వారంటైన్ గోడౌన్లలోకి దించనిచ్చారు. ఆ బేళ్లు విప్పి గాలికి ఆరబెట్టిన హమాలీలు ఒక్కొక్కళ్లే పోయారు, జూన్ తిరిగేసరికి ప్లేగు ఊళ్లో పడింది. దాదాపు 90 వేల మంది ఉండే ఊళ్లో మూడో వంతుకి పైగానే చచ్చిపోయారు. సెప్టెంబర్లో ఓడని తగలబెట్టించారు గానీ అప్పటికే అంతా అయిపోయింది. ఎవరి లాభం కోసమో మినహాయింపు ఇస్తే ముందు పోయేది బస్తాలు మోసేవాడే, నాకు ఈ కథలో అన్నిటికంటే బాధనిపించేది అదే.

అసలు బట్టలో ఏముందో అప్పట్లో ఎవరికీ తెలీదు. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు, 1896లో అదే రోగం బొంబాయి రేవుకి వచ్చి లక్షల ప్రాణాలు తీసింది, ఆఖరికి 1898లో కరాచీలో పోల్ లూయి సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు అసలు సంగతి చెప్పాడు, ఎలుక ఒంటి మీది గోమారలే, అంటే ఇంగ్లీషులో ఫ్లీ అనే చిన్న పురుగులే, రోగాన్ని మోస్తున్నాయని. చాలామంది వెంటనే నమ్మలేదు కూడా. నమ్మాక మాత్రం రేవుల్లో పని తీరే మారిపోయింది, మనుషుల్ని ఆపడం ఒక్కటే కాకుండా ఎలుకల్ని ఆపడం మొదలైంది.

విశాఖ పోర్టులాంటి చోట ఓడని కట్టిన తాళ్ల మీద గుండ్రటి రేకు పళ్లేలు కనిపిస్తే, అవి తాడు మీద పాక్కుంటూ ఎలుకలు దిగకుండా, ఎక్కకుండా పెట్టినవే. ఇప్పుడు ఓడలకి శానిటేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, ఆరు నెలలే చెల్లుతుంది, మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. ఓడలో ఎవరికైనా జ్వరాలు వచ్చాయా, ఎవరైనా చనిపోయారా అనేది రేవుకి చేరకముందే కెప్టెన్ చెప్పాలి, పోర్టు హెల్త్ ఆఫీసర్ ఒప్పుకున్నాకే మనుషులు దిగాలి.

ఇక ఓడల్లో పనిచేసే మన కుర్రాళ్లకీ, ఆఫ్రికా దేశాల్లో ఉద్యోగాలకెళ్లే వాళ్లకీ ఒక్క మాట. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు గానీ దాన్ని మోయగల దోమ మాత్రం మన ఇళ్లలోనే ఉంది, డెంగీ తెచ్చేది కూడా అదే. అందుకే ఆ రోగం ఉన్న దేశం నుంచి టీకా కార్డు లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది, కాబట్టి టికెట్ బుక్ చేసుకున్నప్పుడే టీకా కూడా వేయించేసుకోండి. నమస్కారం.