మాత్ర నమిలిన తరువాత: బడి పిల్లలలో నులిపురుగుల నివారణపై చర్చ

పాల్గొన్నవారు: పిల్లల వైద్యురాలు, ప్రజారోగ్య నిపుణుడు, ఒక గ్రామీణ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు.

వ్యాఖ్యాత: జాతీయ నులిపురుగుల నివారణ దినం 2015 ఫిబ్రవరి 10న మొదలైంది. నాటి నుండి బడులలోనూ అంగన్‌వాడీలలోనూ పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తూనే ఉన్నారు. అయినా ఆ పురుగులు మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తున్నాయి, డాక్టరు గారూ?

వైద్యురాలు: ముందుగా పేరు సంగతి చెప్పాలి. మన ఇళ్ళలో నులిపురుగులు అంటే రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నని తెల్లని పురుగులే గుర్తుకు వస్తాయి. ఈ కార్యక్రమం ప్రధానంగా ఉద్దేశించినది మాత్రం మట్టి ద్వారా సోకే ఏలికపాములు, కొరడా పురుగులు, కొంకిపురుగులు. 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి ఏలికపాములను దాదాపు పూర్తిగా, కొంకిపురుగులను చాలావరకు తొలగిస్తుంది కానీ, కొరడా పురుగుల మీద ఒక్క మోతాదు అంతగా పనిచేయదు. ఇక ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. మలంతో బయటపడిన ఆ గుడ్లు తడి నేలలో రెండు మూడు వారాలు పక్వమైన తరువాతే సోకే శక్తిని పొందుతాయి, అనుకూలమైన మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. మనం ఇచ్చే మందు కడుపులో ఉన్న పురుగు మీదనే పనిచేస్తుంది, పెరట్లో ఉన్న గుడ్డు జోలికి అది పోలేదు.

నిపుణుడు: ఈ విషయం మన గొర్రెల కాపరులకు ఎవరూ నేర్పనక్కరలేదు. నట్టల మందు తాగించిన మందను మళ్ళీ అదే బీడులో మేపితే కొన్నాళ్ళకు మొదటికే వస్తుందని వారికి అనుభవం. పిల్లల విషయంలో మనం బీడును మరచి మందునే లెక్కపెడుతున్నాము. పైగా మాత్ర 1 నుండి 19 ఏళ్ళ వారికే అందుతుంది. అదే ఇంట్లో చెప్పులు లేకుండా పొలం పనికి వెళ్ళే తల్లికి కొంకిపురుగులు ఉండి, ఆ ఇంటివారు బహిర్భూమికి ఆరుబయటికే వెళుతుంటే, ఆ నేలలో గుడ్ల నుండి వెలువడిన డింభకాలు, అంటే పిల్లపురుగులు, బిడ్డ పాదాల చర్మం గుండా లోపలికి చేరి, పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. రక్తహీనత అక్కడి నుండే మొదలవుతుంది.

వ్యాఖ్యాత: మరుగుదొడ్లు కట్టిస్తే సరిపోదా?

నిపుణుడు: ఒడిశాలోని పూరీ జిల్లాలో వంద గ్రామాలలో జరిపిన అధ్యయనం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మరుగుదొడ్లు కట్టించే కార్యక్రమం అమలైన గ్రామాలలో మరుగుదొడ్లున్న ఇళ్ళు 9 శాతం నుండి 63 శాతానికి పెరిగినా పురుగుల బెడద తగ్గలేదు. కట్టినవాటిలో అన్నీ పనిచేయలేదు, పనిచేసినవాటిని అందరూ వాడలేదు. ఊరిలో సగం మంది వాడితే సగం ఫలితం వస్తుందనుకోవడం, నా దృష్టిలో, పెద్ద పొరపాటు.

ప్రధానోపాధ్యాయుడు: మాత్ర దగ్గరే మాకు చిక్కులున్నాయి. ఒక ఏడాది పంపిణీ అయిన మరునాడు పూలకుండీలో సగం కరిగిన తెల్లని ముక్కలు కనిపించాయి. నాలుక కింద దాచుకుని ఉమ్మేశారన్న మాట. అప్పటి నుండి ఎదుటే నమిలించి, నోరు తెరిపించి చూస్తున్నాము. ఒక పిల్లవాడికి వాంతి అయితే చాలు, సాయంత్రానికి ఊరంతా పుకారు.

వైద్యురాలు: పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలలో కాసేపు కడుపునొప్పి, వికారం కలగవచ్చు. చాలావరకు విశ్రాంతితో తగ్గిపోతాయి. జ్వరంతోనో మరో జబ్బుతోనో ఉన్న పిల్లలకు ఆ రోజు ఇవ్వకుండా, కోలుకున్నాక ఇవ్వాలి. పసివారికి మాత్ర గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక పొడి చేసి నీటిలో కలిపే ఇవ్వాలి, రెండేళ్ళ లోపు వారికి సగం మాత్ర చాలు. బడికి రాని పిల్లల కోసం మరో రోజు కేటాయిస్తారు. తరచూ బడి మానే పిల్లలే మందుకూ దూరమవుతారు కాబట్టి, ఆ రెండో రోజును నేను మొదటి రోజు కన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను.

వ్యాఖ్యాత: చేతులు కడుక్కోవడం మాటేమిటి?

ప్రధానోపాధ్యాయుడు: మా బడిలో 240 మంది పిల్లలు, నాలుగు కుళాయిలు. ఒక్కొక్కరికి అర నిమిషం చొప్పున వేసుకున్నా అరగంట పడుతుంది, భోజన విరామం ముప్పావు గంట. ఇక సబ్బుతో కడగమని ఎంత చెబితే ఏం లాభం? అందుకని ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టానికి పన్నెండు రంధ్రాలు చేయించి గోడ వెంట అమర్చి, వల సంచులలో సబ్బు ముక్కలు వేలాడదీశాము. ఇప్పుడు పది నిమిషాలలో వరుస అయిపోతోంది. గోళ్ళు మాత్రం సోమవారం ప్రార్థన సమయంలో చూస్తాము.

వైద్యురాలు: ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? గొట్టం కింద బురద నిలిచి, పిల్లలు వట్టి కాళ్ళతో అందులో నిలబడితే కొంకిపురుగుకు మనమే చోటు చూపినట్లవుతుంది.

ప్రధానోపాధ్యాయుడు: నిజమేనమ్మా. కాలువ తవ్వించాలని అనుకుంటూనే ఉన్నాము, ఇంకా తవ్వలేదు. ప్రస్తుతానికి నాలుగు బండలు పరిపించాము.