పళ్ల మీద ఆ ఎరుపు ఎవరిది?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మారతహళ్లి ట్రాఫిక్‌ను ఈదుకుంటూ పళ్ల పాచి గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. టిఫిన్లు అయ్యాయి కదా? ఎందుకంటే ఇప్పుడు చూపించేవి తినే ముందు చూసేవి కావు.

తెర మీద ఈ ఫోటో చూడండి. కింది పళ్ల వరస. శుభ్రంగానే ఉన్నట్టుంది. ఇప్పుడు రెండోది. అదే నోరు. కాకపోతే 405 నానోమీటర్ల ఊదా కాంతి వేసి, ఆ ఊదాను అడ్డుకునే ఫిల్టర్‌లోంచి తీశారు. పన్ను లేతాకుపచ్చగా మెరుస్తోంది. చిగుళ్ల అంచున, పళ్ల సందుల్లో మాత్రం ఇటుక ఎరుపు. ఎవరూ ఏ రంగూ పూయలేదు. అది అక్కడి బాక్టీరియా సొంత వెలుగు. దీన్ని 1920ల్లోనే అతినీలలోహిత దీపం కింద గమనించారు.

అసలు వెలిగేదేంటి? ఆ బాక్టీరియాలోని పార్ఫిరిన్లు అనే పదార్థాలు. మన నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్ తయారయ్యే దారిలో చివరి మెట్టుకు ముందు ప్రోటోపార్ఫిరిన్ అనే పార్ఫిరిన్ వస్తుంది. దాని నడుమ ఇనుము చేరితే హీమ్ అవుతుంది. ఇనుము చేరకముందు అది ఊదా కాంతిని మింగి, 635 నానోమీటర్ల దగ్గర ఎర్రటి కాంతిని వదులుతుంది. ఇనుము చేరిందా, ఆ వెలుగు ఆరిపోతుంది. ప్రివోటెల్లా జాతి బాక్టీరియాను నెత్తురు కలిపిన అగర్ అనే జెల్లీ మీద పెంచితే ఇది కళ్లారా కనిపిస్తుంది: లేత కాలనీలు ఎర్రగా వెలుగుతాయి, రోజులు గడిచి నల్లబడ్డాక ఆ వెలుగు తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. పళ్లు పుచ్చడం అనగానే మొదట గుర్తొచ్చే ముద్దాయి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. అది ఇలా ఎర్రగా వెలగదు! కాబట్టి ఎవరైనా ఇలాంటి ఫోటో చూపించి "ఇక్కడంతా పుచ్చేనండీ" అంటే వెంటనే టెన్షన్ పడకండి. ఆ మాట నేనొప్పుకోను. ఎరుపు ప్రధానంగా చెప్పేది పాచి ముదిరిందని, అక్కడ బ్రష్ సరిగ్గా తగలడం లేదని. అన్నట్టు, పాలకూర పప్పు తిని నేరుగా వచ్చినవాళ్ల పళ్ల సందుల్లో కూడా ఎరుపు కనబడొచ్చు. ఆకుల్లోని పత్రహరితమూ ఈ కాంతిలో ఎర్రగానే వెలుగుతుంది.

ముదరడమంటే ఏంటో కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. మీరు పళ్లు తోముకున్న నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద పలచని పొర కడతాయి. స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, గోర్డోనీ లాంటివి ముందుగా వచ్చి దాన్ని పట్టుకుంటాయి. ఇవి హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలి మ్యూటన్స్‌ను అణచి ఉంచుతాయి. అంటే నోట్లో ఉన్నవన్నీ మనకు శత్రువులేం కావు. ఇవి వదిలిన లాక్టిక్ ఆమ్లాన్ని వీలోనెల్లా తింటుంది, ఒకరి ఎంగిలి ఇంకొకరికి భోజనం. ఆ తర్వాత సన్నగా పొడుగ్గా ఉండే ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ వస్తుంది. ముందొచ్చినవాటినీ, వెనకొచ్చేవాటినీ రెంటినీ పట్టుకోగలదు. ముందువాళ్లు ఆక్సిజన్‌ను వాడేసుకుంటారు కాబట్టి, గాలి పడనివాళ్లకు లోపల చోటు దొరుకుతుంది. నల్ల రంగు కట్టే ప్రివోటెల్లా, చిగుళ్ల జబ్బుకు పేరుమోసిన పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అలా దిగుతాయి. ఈ రెండోదానికి హీమ్‌ను మొదటి మెట్టు నుంచీ సొంతంగా చేసుకోవడం చేతకాదు. వాచిన చిగుళ్ల నుంచి కారే నెత్తురే దానికి దిక్కు.

2016లో అమెరికా శాస్త్రవేత్తలు పాచిని చెదరగొట్టకుండా, ఒక్కో జాతికి ఒక్కో రంగు అంటించి సూక్ష్మదర్శినిలో చూశారు. నడుమ కొరినెబాక్టీరియం దారాలు ముళ్లపంది ముళ్లలా బయటికి పొడుచుకుని ఉన్నాయి, గాలి తగిలే కొసల చుట్టూ స్ట్రెప్టోకాకస్‌లు అంటుకుని ఉన్నాయి. గుంపే గానీ, గందరగోళం కాదు.

అందుకే ఆ ఎరుపును ఏ ఒక్క జాతి ఖాతాలోనూ వేయలేం. ఒకే బాక్టీరియా అయినా ఏం తింటోంది, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి దాని వెలుగు మారుతుంది.

ఈ పార్ఫిరిన్లే వాటి ప్రాణం మీదకూ తెస్తాయి. నీలి కాంతి పడితే చురుకైన ఆక్సిజన్ పుట్టించి, తమను మోస్తున్న కణాన్నే దెబ్బతీస్తాయి. అలాగని ఆన్‌లైన్‌లో దొరికే ఊదా టార్చి కొని పిల్లల నోట్లో వేయకండి, కళ్లకు మంచిది కాదు. చూడాలనుకునేవాళ్లు ఇటు రండి. ఫిల్టర్ కళ్లద్దాలు రెండు జతలే ఉన్నాయి, తోసుకోకుండా వరసగా రండి.