పక్కింటి పన్ను

అందరికీ నమస్కారం.

ఇంటి పన్ను మాట ఎత్తితే చర్చంతా రేటు ఎక్కువా తక్కువా అనే దగ్గరే ఆగిపోతుంది. నేను పక్కింటి సంగతి అడుగుతాను. ఒకే వీధి, ఒకే కొలతల ఇళ్లు, ఒకే చెత్త బండి. ఒకరికి రెండు వేలు, ఇంకొకరికి ఆరు వేలు ఎందుకు పడుతుంది?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పన్నును అద్దె విలువ మీద, అంటే ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద వేసేవారు. ఇళ్లకు ఆ విలువలు 2002 తర్వాత ఏళ్ల తరబడి సవరించలేదు. కోవిడ్ ఏడాదిలో రాష్ట్రాలకు అదనపు అప్పు కావాలంటే పట్టణ పన్నులు సంస్కరించమని కేంద్రం షరతు పెట్టింది. దాంతో 2020 చివర్లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి పన్నును రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టారు. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం లోపు. భారం ఒక్కసారిగా పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు.

వినడానికి బాగానే ఉంది. లెక్క వేసి చూడండి. పాత ఇంటికి రెండు వేలు వస్తోంది, కొత్త పద్ధతిలో ఆరు వేలు రావాలి అనుకుందాం. ఏటా 15 శాతం చొప్పున ఆరు వేలకు చేరడానికి దాదాపు ఎనిమిదేళ్లు. పక్క స్థలంలో ఇప్పుడే ఇల్లు కట్టుకున్నాయనకు పాత పన్నే లేదు కదా, మొదటి ఏడాదే ఆరు వేలు! పరిమితి అక్కర్లేదని నేననను. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లకు అది కావాలి. కానీ దాని ఖర్చు ఎవరు మోస్తున్నారో కూడా చెప్పాలి.

కాలిఫోర్నియాలో ఇదే పని 1978లో ఇంకా గట్టిగా చేశారు. ఇల్లు చేతులు మారేదాకా పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. అందుకే ఫ్రీమాంట్‌లో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు, ఎప్పుడో కొనుక్కున్న పక్కింటాయన కంటే ఎన్నో రెట్లు కడతారు. లాస్ ఏంజెలెస్‌లో ఒకావిడ తనకు పొరుగువాళ్లకంటే సుమారు ఐదు రెట్లు పడుతోందని అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో ఓడిపోయింది.

ఇక హైదరాబాద్. ఇక్కడ అద్దె విలువ పద్ధతే. ఏడాదికి 1200 రూపాయల దాకా పన్ను ఉన్న ఇళ్లకు దాన్ని 101 రూపాయలు చేశారు. పేదలకు మంచిదే. కానీ 1201 వచ్చిన ఇంటికి మొత్తం 1201 కట్టాల్సిందే. ఒక్క రూపాయి దగ్గర పదకొండు వందలు ఎగిరిపోయాయి. మెట్లు మెట్లుగా తగ్గిస్తే ఏం పోయేది?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది వడ్డీ మాఫీ. బకాయికి నెలకు 2 శాతం వడ్డీ అంటారు. తర్వాత వన్ టైమ్ సెటిల్‌మెంట్ పెట్టి, బకాయి ఒకేసారి తీర్చేస్తే ఆ వడ్డీలో 90 శాతం వదిలేస్తారు. ఏప్రిల్‌లోనే బుద్ధిగా కట్టినవాడికి దక్కేది 5 శాతం రిబేటు. ఒకసారైతే సరే అనుకోవచ్చు. మళ్లీ మళ్లీ వస్తుంటే ఎగ్గొట్టేవాడు ఎదురుచూడటమే నేర్చుకుంటాడు. పైగా పెద్ద బకాయిలున్నది గుడిసెలకు కాదు.

చేతిలో డబ్బులేని వృద్ధులకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక వీలుంది. పన్ను వాయిదా వేసుకోవచ్చు, ఇల్లు అమ్మినప్పుడు చెల్లిస్తారు. మన పట్టణాల్లోనూ అది పెట్టమని అడుగుదాం. దాంతోపాటు వార్డువారీగా ఏ ఇంటికి ఎంత పన్నో, ఎంత బకాయో జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించమందాం. మీ వార్డు కార్పొరేటర్‌కు ఈ రెండూ కాగితం మీద రాసి ఇవ్వండి.