పెట్ట చేసే పని

(పర్లాకిమిడిలో మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకూ, అక్కచెల్లెళ్లకూ, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకూ నమస్కారం. కాశీనగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు, పక్కనున్న పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చాలా సంతోషం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే బడిలో పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే మాటల్లోనే చదువు సాగాలని జీవితమంతా పోరాడారు. అందుకే పొదిగే యంత్రం గురించి నేను చెప్పేదంతా మనకు తెలిసిన పెట్టను అడ్డం పెట్టుకునే చెబుతాను.

పెట్ట పొదగడానికి కూర్చుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మేత సంగతి మరిచిపోతుంది. దగ్గరకు వెళితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. పది పన్నెండు గుడ్లను 21 రోజులు కడుపు కింద కాపాడి పిల్లలను లేపుతుంది. మరి యంత్రం ఎందుకంటారా? పొదిగి, పిల్లలను వెంట తిప్పుకునే రెండు మూడు నెలలూ ఆ పెట్ట మళ్లీ గుడ్డు పెట్టదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లయితే పొదగడానికి కూర్చోనే కూర్చోవు. పైగా అవి సంకర జాతులు. వాటి గుడ్లను పొదిగించినా తల్లి గుణాలు పిల్లల్లో అలాగే దిగిరావు. ఇంట్లో పిల్లలను లేపాలనుకుంటే నాటు గుడ్లే పెట్టండి.

ఇంక్యుబేటర్ అంటే వేడి పెట్టె, అంతే. పెట్ట చేసే పది పనుల్లో అది చేసేది ఒక్కటే, వెచ్చగా ఉంచడం. మిగిలిన తొమ్మిదీ మన మీద పడతాయి. కొన్న యంత్రమైనా, థర్మోకోల్ పెట్టెకు బల్బులూ చిన్న ఫ్యానూ తగిలించి చేసుకున్నదైనా ఇందులో తేడా లేదు.

గుడ్ల ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. దుకాణంలో అమ్మే ఫారం గుడ్డు పుంజు లేకుండా పెట్టినది, దాన్నుంచి పిల్ల రాదు. ఏరిన గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా చల్లని చోట పెట్టి, వారంలోపే పెట్టెలోకి చేర్చండి. మురికిగా ఉందని కడగకండి. పెంకు మీదున్న సన్నని పొర పోతే గుడ్డులోకి క్రిములు చేరతాయి.

వేడి విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు. ఫ్యాను లేకపోతే గుడ్ల పైభాగం దగ్గర 38.5 వరకూ ఉండాలి. కరెంటు పోతే అందరూ హడలిపోతారు. వేడి 35కు పడినా రెండు మూడు గంటలు గుడ్డు ఓర్చుకుంటుంది, ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది, అంతే. మూత తీయకుండా పెట్టె మీద దుప్పటి కప్పి ఉంచండి. పెట్ట కూడా రోజుకొకసారి గుడ్లు వదిలి మేతకు వెళ్లి వస్తుంది కదా. వేడి పెరిగితే అలా కాదు. 40 దాటి అలాగే ఉంటే లోపలి ప్రాణానికి ముప్పు. మన దగ్గర వైశాఖ మాసంలో రేకుల గదిలో పెట్టె పెడితే గదే పెట్టెకంటే వేడెక్కుతుంది. పెంకుటింట్లో, ఎండ తగలని లోపలి గది చూసుకోండి.

పెట్ట ముక్కుతో గుడ్లను కిందికీ పైకీ జరపడం గమనించారా? అలా తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. పెట్టెలో ఆ పని మన చేతిది. పెన్సిల్‌తో గుడ్డుకు ఒక పక్క సున్నా, రెండో పక్క అడ్డగీత పెట్టుకుని, రోజుకు మూడు సార్లో అయిదు సార్లో తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రంతా ఒకే పక్క ఉంటుంది కాబట్టి, ఆ పక్క రోజూ మారాలి. 

ఏడో రోజు రాత్రి దీపాలు ఆర్పి, ఒక గుడ్డు కింద టార్చి పెట్టి చూడండి. బతికున్న గుడ్డులో సాలెగూడులా సన్నని ఎర్రని నరాలు, మధ్యలో ఒక నల్లని చుక్క కనిపిస్తాయి. ఆ చుక్క పిల్ల కన్ను. కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తే అది కదులుతుంది. నేను మొదటిసారి చూసిన రాత్రి మా అత్తగారిని నిద్రలేపి చూపించాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, టార్చి నా చేతిలోంచి తీసుకుని మిగతా గుడ్లన్నీ తనే చూశారు. నరాలు లేకుండా తేటగా ఉంటే అది పిల్ల పట్టని గుడ్డు. ఎర్రటి వలయం ఒక్కటే కనిపిస్తే ప్రాణం పోయినట్టు. అలాంటివి తీసేయండి. మురిగి పగిలితే పెట్టె అంతా పాడవుతుంది.

గాలిలో తేమ మొదటి పద్దెనిమిది రోజులూ యాభై, యాభై అయిదు శాతం ఉంటే చాలు. గుడ్డు కొంత నీరు కోల్పోవాలి, అప్పుడే వెడల్పు కొన దగ్గర గాలి అర పెరుగుతుంది. పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది ఆ అరలోనే. వానాకాలంలో మన గాలే తడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల గిన్నె చిన్నది పెట్టండి. కొరాపుట్ కొండల్లో చలికాలం గాలి పొడిగా ఉంటుంది, అక్కడివాళ్లు పెద్దది పెట్టుకోవాలి.

పద్దెనిమిదో రోజున తిప్పడం ఆపేయాలి. తేమ 65, 70కి పెంచి మూత వేసేయాలి. ఇక మూత తీయకూడదు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పడానికే నేను ఈరోజు వచ్చాను.

నా రెండో విడతలో ఇరవయ్యో రోజు సాయంత్రం ఒక గుడ్డుకు నక్షత్రంలా చిన్న పగులు కనిపించింది. లోపల నుంచి కిచకిచ వినిపిస్తోంది. రాత్రి పది దాటినా పగులు పెరగలేదు. పాపం, బయటికి రాలేకపోతోందని మూత తీసి, గోటితో పెంకు కొంచెం ఒలిచాను. వేలికి రక్తం తగిలింది. అప్పటికి పొరలోని నరాల్లో రక్తం ఇంకా పిల్లలోకి చేరలేదు, పచ్చసొన ఇంకా కడుపులోకి ఇంకలేదు. ఆ పిల్ల తెల్లవారేసరికి పోయింది. మూత తెరిచి ఉంచిన ఆ కొద్దిసేపట్లో తేమ పోయి, పక్కనే పగిలిన మరో మూడు గుడ్లలో పొర ఎండి పిల్లలకు బిగుసుకుపోయింది. అవీ దక్కలేదు. మొదటి పగులు నుంచి బయటపడే వరకూ పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ వేళ పిల్ల పడుకున్నట్టు కనిపిస్తుంది గానీ దాని ఒంట్లో పని జరుగుతూనే ఉంటుంది. ఆ మూడు రోజులూ పెట్ట గూడు దిగదు. మనం మూత తీయకూడదు.

పిల్ల లేచాక ఈకలు ఆరి మెత్తగా ఉబ్బే వరకు పెట్టెలోనే ఉంచండి. ఆకలితో చస్తుందేమోనని భయపడకండి. ఇంకిన పచ్చసొన రెండు రోజుల పైగా దాన్ని పోషిస్తుంది.

ఆ తరవాత పిల్లలు చేరే వెచ్చని పెట్టెను గుడ్లు పెట్టకముందే సిద్ధం చేసుకుని ఉంచాలి. పిల్లలు లేచాక బల్బు కోసం బజారుకు పరుగెత్తినవాళ్లను చూశాను. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులే దొరుకుతున్నాయి, అవి వెలుగిస్తాయి గానీ వేడినివ్వవు. పాత రకం తీగ బల్బు వెతికి పెట్టుకోండి. మొదటి వారం 33, 34 డిగ్రీలు, తరవాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. కొలిచే పరికరం లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కితే చలి, మూలలకు పోయి నోరు తెరిస్తే వేడి, చెదిరి తిరుగుతూ ఉంటే సరిపోయినట్టు.

కింద నున్నని వార్తాపత్రిక పరిస్తే కాళ్లు జారి విడిపోతాయి, ఆ కాళ్లు మళ్లీ దగ్గరకు రావడం కష్టం. ఊక పోసి, మొదటి రెండు రోజులు దాని మీద గరుకు గుడ్డ పరచండి. ముందు నీళ్లు, తరవాత మేత. ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి నీళ్లలో ముంచితే తాగడం నేర్చుకుంటుంది. మునగకుండా పళ్లెంలో గులకరాళ్లు వేయండి. నూకలూ చోళ్లూ ఒక్కటే పెడితే ఎదగవు, మొదటి వారాలు మాంసకృత్తులు ఇరవై శాతం దాకా ఉన్న చిక్ స్టార్టర్ అనే పిల్లల మేత తప్పనిసరి. వెనక రెట్ట అంటుకుని ఎండితే పీకకండి, గోరువెచ్చని నీళ్ల గుడ్డతో నానబెట్టి తుడవండి. కొక్కెర తెగులు టీకా చుక్క అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో వేయించాలి. దాన్ని వాయిదా వేసినవాళ్లు ఒక్క వారంలో గూడంతా పోగొట్టుకోవడం మన వీధుల్లోనే చూశాం.

ఇక్కడ బల్ల మీదున్న పెట్టె మూడు వారాలుగా ఈ సంఘం గదిలోనే ఉంది. ఈరోజు ఇరవయ్యో రోజు. పొద్దున రెండు గుడ్లకు పగులు వచ్చింది. మూత తీయను. పిల్లలు ముందు రండి, ఒక్కొక్కరే, బల్లను తాకకుండా వంగి చెవి పెట్టండి. మాట్లాడకండి, లోపల అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి.