అమెరికా నుంచి కెనడా వచ్చేశారా? మీ 401కె, రోత్ ఐఆర్ఏ సంగతి చూసుకోండి

నమస్తే అండీ. అమెరికాలో ఆరేడేళ్లు హెచ్1బీ మీద పనిచేసి, గ్రీన్ కార్డు క్యూ చూసి విసుగొచ్చి, సామాను సర్దుకుని కెనడా వచ్చేసినవాళ్ల కోసం ఈ వీడియో. 2023 జులైలో హెచ్1బీ వాళ్లకి కెనడా ఓపెన్ వర్క్ పర్మిట్ తెరిచింది, గుర్తుందా? 10,000 అప్లికేషన్లు రెండు రోజులు తిరక్కుండానే నిండిపోయాయి. అలా వచ్చినవాళ్లు ఇల్లు చూసుకున్నారు, పిల్లల స్కూలు చూసుకున్నారు, స్నో టైర్లు కూడా కొనుక్కున్నారు. అమెరికాలో వదిలేసి వచ్చిన 401కె (కంపెనీ ద్వారా జీతంలోంచి వేసే రిటైర్మెంట్ ఖాతా), రోత్ ఐఆర్ఏ (పన్ను కట్టిన డబ్బుతో మనమే వేసుకునే రిటైర్మెంట్ ఖాతా) మాత్రం ఎవరికీ గుర్తుండవు.

నాకూ గుర్తులేదు. వచ్చిన మూడో నెలలో పాత బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిస్తే, రోత్ ఐఆర్ఏకి నెలకి 100 డాలర్ల ఆటోపే పోతూనే ఉంది. ఆపడం మర్చిపోయాను. వంద డాలర్లే కదా, ఏముందిలే అనుకున్నాను. ఆ వంద ఏం చేసిందో చెప్తాను గానీ, ముందు అసలు రూలు తెలియాలి.

అమెరికా, కెనడా 1980లో ఒక పన్ను ఒప్పందం మీద సంతకం పెట్టాయి. అందరూ ట్రీటీ అంటారు. 2007లో దానికి ఐదో సవరణ, అంటే ఫిఫ్త్ ప్రోటోకాల్ వచ్చింది. అందులో ఆర్టికల్ 18 పెన్షన్ల గురించి. మనకి కావలసిందంతా దాదాపు అక్కడే ఉంది. మన మాటల్లో చెప్పాలంటే, ఈ డబ్బుకి పుట్టిల్లు అమెరికా, మెట్టినిల్లు కెనడా. ఖాతాలో పెరుగుతున్నంతకాలం రెండిళ్లవాళ్లూ ఊరుకుంటారు. తీసిన రోజున ఇద్దరూ గుమ్మంలో ఉంటారు. పుట్టింటివాళ్లు ముందు కొంత పట్టుకుంటారు. మెట్టినింటివాళ్లు మొత్తం మీద పన్ను లెక్కేసి, అక్కడ కట్టింది అందులోంచి తగ్గిస్తారు. కాబట్టి చివరికి రెండు దేశాల్లో ఏ రేటు ఎక్కువైతే దాదాపు అంత పడుతుంది. రెండూ కలిపి పడవు.

ఇప్పుడు 401కె. 59న్నర ఏళ్లు నిండకుండా తీస్తే అమెరికా 10 శాతం పెనాల్టీ వేస్తుంది. మీరు దేశం దాటారని ఆ పెనాల్టీ పోదు. నలభై ఏళ్లాయన, బ్రాంప్టన్‌లో ఇల్లు కొనడానికి 50,000 డాలర్లు ఒకేసారి తీసేశాడనుకుందాం. అమెరికా 30 శాతం పట్టుకుంటుంది, 15,000. పెనాల్టీ 5,000. చేతికి మిగిలేది 30,000. అక్కడితో అయిపోలేదు. ఆ 50,000 మొత్తాన్నీ కెనడా డాలర్లలోకి మార్చి ఇక్కడి రిటర్న్‌లో ఆదాయంగా చూపించాలి. ఇక్కడ ఆయన జీతం మీద ఇది వచ్చి కూర్చుంటుంది కాబట్టి పై స్లాబు తగులుతుంది. అది 40 శాతం అనుకోండి. పన్ను 20,000, అక్కడ పోయిన 15,000 తీసేస్తే ఇక్కడ ఇంకో 5,000 కట్టాలి. అంటే 50,000 తీసి 25,000 ఇంటికి తెచ్చుకోవడం! పెనాల్టీకి కెనడాలో క్రెడిట్ సంగతి మీ అకౌంటెంట్‌ని అడగండి, కానీ దాన్ని నమ్ముకుని తీయకండి.

అదే రిటైరయ్యాక నెలనెలా పెన్షన్‌లాగా తీసుకుంటే, ట్రీటీ ప్రకారం అమెరికా 15 శాతం మించి పట్టుకోకూడదు. అయితే ఆ 15 దానంతటది రాదు. ఈ ఫారం చూడండి.

[స్క్రీన్ మీద డబ్ల్యూ-8బెన్ ఫారం]

దీని పేరు డబ్ల్యూ-8బెన్. మీ 401కె చూసే కంపెనీకి ఇవ్వాలి, అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కి కాదు. కిందకి రండి, రెండో భాగం. 9వ లైనులో కెనడా అని రాయండి. 10వ లైనులో ఆర్టికల్ 18, పేరా 2ఎ, రేటు 15 శాతం, ఆదాయం రకం దగ్గర పీరియాడిక్ పెన్షన్ పేమెంట్స్ అని రాయండి. 10వ లైను ఖాళీగా వదిలేస్తే ట్రీటీ రేటు మీరు అడగనట్టే, 30 పట్టుకునే ప్రమాదం ఉంది. ఎక్కువ పట్టుకున్నాక వెనక్కి రప్పించుకోవాలంటే, అమెరికా బయట ఉండేవాళ్ల పన్ను రిటర్న్ అయిన 1040-ఎన్‌ఆర్ దాఖలు చేసి ఎదురుచూడాలి.

ఇంకోటి, అడ్రసు. చాలామంది ఎడిసన్‌లో బావమరిది ఇంటి అడ్రసే ఉంచేస్తారు. కెనడా అడ్రసు చూడగానే కొన్ని కంపెనీలు ఖాతాలో కొత్తగా కొనడం ఆపేస్తాయి, ఆ భయంతో. అర్థం చేసుకోగలను. కానీ ఆ అడ్రసు ఉన్నంతకాలం వాళ్ల లెక్కలో మీరు అమెరికా మనిషే. పట్టుకునే పన్నూ తప్పే, పంపే కాగితమూ తప్పే. మార్చేయండి.

కెనడాలోని విండ్సర్‌లో ఉండి అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉద్యోగం చేసేవాళ్ల కథ వేరు. మ్యాప్ తీసి చూడండి, అక్కడ అమెరికా ఉత్తరాన ఉంటుంది, కెనడా దక్షిణాన. రోజూ సొరంగంలోంచో, అంబాసిడర్ బ్రిడ్జి మీంచో వెళ్లొచ్చే నర్సులు, ఇంజినీర్లు ఎందరో ఉన్నారు. జీతంలోంచి 401కెలో వేసినదాన్ని ఆర్‌సీ268 ఫారం పెట్టి కెనడా రిటర్న్‌లో తగ్గించుకోవచ్చు. ఆ మేరకు మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీ రూమ్ (కెనడా రిటైర్మెంట్ ఖాతాలో వేసుకోగలిగే పరిమితి) తగ్గుతుంది. మిషిగన్ రాష్ట్ర పన్ను 4.25 శాతం, డెట్రాయిట్ సిటీ బయటివాళ్ల మీద వేసే 1.2 శాతం కూడా లెక్కలోకి తీసుకోండి. చాలామంది ఫెడరల్ చూసి ఇవి మర్చిపోతారు.

ఎదురు దిశలో వెళ్లినవాళ్లకి, అంటే టొరంటో నుంచి అమెరికా వెళ్లినవాళ్లకి గబగబా చెప్పేస్తాను. ఆర్‌ఆర్‌ఎస్‌పీకి భయం లేదు. ఒకప్పుడు 8891 అని ఏటా ఫారం పెట్టాల్సి వచ్చేది. 2014లో ఐఆర్‌ఎస్ అది తీసేసింది, లోపల పెరిగినదాని మీద పన్ను వాయిదా దానంతటదే వస్తుంది. కానీ కాలిఫోర్నియా ఒప్పుకోదు. శాన్‌హోసేలో దిగితే ఆర్‌ఆర్‌ఎస్‌పీ లోపల పెరిగిన ఆదాయం మీద రాష్ట్రానికి ఏటా పన్ను కట్టాల్సిందే. టీఎఫ్‌ఎస్‌ఏ (కెనడాలో పన్ను పడని పొదుపు ఖాతా) అయితే మరీ అన్యాయం. పేరులోనే టాక్స్ ఫ్రీ ఉంది, అమెరికా దృష్టిలో అది మామూలు ఖాతా. వెళ్లేముందే ఖాళీ చేసుకోవడం మేలని నా అభిప్రాయం. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకి చెప్పే రిపోర్టు) పెట్టాలి, అందులో ఆర్‌ఆర్‌ఎస్‌పీ కూడా లెక్కే.

సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వ పెన్షన్ గురించి మాత్రం మంచి కబురు. అమెరికాలో ఆ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు ఉండాలి. ఏడాదికి నాలుగు చొప్పున ఆరేళ్ల హెచ్1బీకి 24 వస్తాయి. ఇండియా వెళ్లిపోతే అవి అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే ఇండియాకీ అమెరికాకీ మధ్య ఈ ఏళ్లు కలుపుకునే ఒప్పందం లేదు. కెనడా వచ్చినవాళ్లకి ఉంది, 1984 నుంచి. ఇక్కడ పనిచేసిన ఏళ్లు అర్హత కోసం కలుస్తాయి, అక్కడ కనీసం ఆరు క్రెడిట్లుంటే చాలు. ఆ పెన్షన్ మీద పన్ను కెనడాకే, అందులోనూ 15 శాతానికి మినహాయింపు.

సరే, రోత్ ఐఆర్ఏకి వద్దాం. ఆటోపే అన్నాను కదా. రోత్‌ని కెనడా కూడా పెన్షన్‌లాగే చూసి పన్ను వేయకుండా ఉండాలంటే రెండు షరతులు. ఒకటి, కెనడాలో రెసిడెంట్ అయ్యాక అందులో పైసా వేయకూడదు. 401కెని గానీ మామూలు ఐఆర్ఏని గానీ రోత్‌గా మార్చడం కూడా వేసినట్టే. వేశారా, ఖాతా రెండు ముక్కలవుతుంది. అప్పటిదాకా ఉన్నది పెన్షన్‌గా గడ్డకట్టి ఉంటుంది. ఆ తర్వాతది మామూలు సేవింగ్స్, దాని మీద ఏటా పన్ను. నా 100 డాలర్లు చేసిన పని ఇదే. ఆ చిన్న ముక్క లెక్క తేల్చడానికి అకౌంటెంట్‌కి ఇచ్చిన ఫీజు నేను వేసినదానికన్నా ఎక్కువ. నవ్వకండి.

రెండోది, కెనడా రెవెన్యూ ఏజెన్సీకి ఒక ఉత్తరం రాయాలి. దీనికి ఫారం లేదు, ఉత్తరమే. రెసిడెంట్ అయిన ఏడాదికి రిటర్న్ గడువు ఏదో అదే దీని గడువు, మామూలుగా మరుసటి ఏడాది ఏప్రిల్ 30. రిటర్న్‌తో పాటు వెళ్లదు. ఆటవాలోని కాంపిటెంట్ అథారిటీ సర్వీసెస్ డివిజన్‌కి విడిగా పోస్టు చేయాలి. ఒక్కో రోత్ ఖాతాకి ఒక్కో ఉత్తరం.

[స్క్రీన్ మీద ఉత్తరం, నంబర్లు కనపడకుండా]

నాది చూపిస్తున్నాను. పేరు, అడ్రసు, కెనడా సిన్ నంబరు, అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు. ఖాతా ఉన్న కంపెనీ పేరు, అడ్రసు, ఖాతా నంబరు. ఖాతా తెరిచిన తేదీ. కెనడాలో రెసిడెంట్ అయిన తేదీ, ఆ రోజున ఖాతాలో ఉన్న మొత్తం. ఆ బ్యాలెన్సు కోసం దిగిన రోజు స్క్రీన్‌షాట్ తీసుంటే ఎంత బావుండేదో, నేను పాత స్టేట్‌మెంట్లన్నీ తవ్వాల్సి వచ్చింది. తర్వాత అసలు వాక్యం: ట్రీటీ ఆర్టికల్ 18 పేరా 7 కింద ఈ రోత్ ఐఆర్ఏలో వచ్చే ఆదాయం మీద కెనడా పన్నుని, డబ్బు తీసేవరకు వాయిదా వేయమని ఎంచుకుంటున్నాను. కింద సంతకం, తేదీ.

సంతకానికి పైన ఈ లైను చూడండి. కెనడా వచ్చాక ఇందులో ఏమైనా జమ చేశారా, చేస్తే మొదటిది ఎప్పుడు, ఎంత. నేను అక్కడ 100 డాలర్లు అని రాశాను. మీరు ఈ వీడియో ఆపి, ఫోన్‌లో ఆ పాత బ్యాంకు యాప్ తెరిచి, ఆటోపే ఉందేమో చూసి రండి. ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు ఫోటో తీసి పెట్టుకోండి.