బాలోటెల్లి: ప్రతిభ, తిక్క, మిగిలిన లెక్క

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, విశాఖ నలుమూలల నుంచి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయులకు, కోచ్‌లకు, తెల్లవారుజామునే పిల్లల్ని మైదానానికి తీసుకొచ్చే తల్లిదండ్రులకు నమస్కారం.

ఆట అనగానే పీఎం పాలెం క్రికెట్ స్టేడియం వైపు చూసే ఊళ్లో, ఆదివారం సాయంత్రం ద్వారకానగర్‌లో ఫుట్‌బాల్ గురించి వినడానికి ఇంతమంది రావడం నాకు నిజంగా ఆశ్చర్యం. ప్రతిభ ఉండీ రాణించని ఆటగాళ్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అంశం మరీ విశాలమైనది కాబట్టి ఒకే ఒక్క మనిషిని తీసుకుంటాను. అతను ఇటలీ స్ట్రైకర్ మారియో బాలోటెల్లి. మన ఏయూ గ్రౌండ్‌లో సాయంత్రంపూట బంతి తన్నే కుర్రాళ్లను అడిగినా అతని గోల్స్ కంటే ముందు అతని గొడవలే చెబుతారు. తన కోపమే అతన్ని ముంచిందని ఒక మాటలో తేల్చేస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది గానీ, పిల్లలకు ఆట నేర్పేవారికి అది అక్కరకు వచ్చే నిజం కాదని నా అభిప్రాయం. కోపం వచ్చిన నిమిషాల్లో అతను పోగొట్టుకున్నది కొంతే. కోపమూ ఉత్సాహమూ ఏవీ లేని మామూలు నిమిషాల్లో పోగొట్టుకున్నది అంతకంటే ఎక్కువ.

2012 యూరో కప్‌లో అతను ఆడిన రెండు మ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 10న గ్దాన్‌స్క్‌లో స్పెయిన్‌తో ఇటలీ మొదటి మ్యాచ్. రెండో అర్ధభాగం ఆరంభంలో అతను మైదానం అంచున స్పెయిన్ డిఫెండర్ రామోస్ నుంచి బంతి లాక్కుని పెనాల్టీ బాక్స్ వైపు దూసుకెళ్లాడు, ఎదురుగా గోల్‌కీపర్ కసీయాస్ ఒక్కడే ఉన్నాడు. అక్కడ తన్నవలసినవాడు నెమ్మదించాడు. ఎటు కొట్టాలా అని ఆలోచిస్తున్నట్టుగా రెండడుగులు, మరో రెండడుగులు వేశాడు. ఇంతలో వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన రామోస్ బంతి తన్నుకుపోయాడు. కొన్ని నిమిషాలకే కోచ్ ప్రాన్‌డెల్లి అతన్ని బయటికి పిలిచి దీ నటాలేను పంపితే, ఆయన వచ్చీ రాగానే గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ 1-1తో ముగిసింది.

జూన్ 28న వార్సాలో జర్మనీతో సెమీఫైనల్. ఇరవయ్యో నిమిషంలో ఎడమవైపు నుంచి కస్సానో పంపిన క్రాస్‌కు అతను తలతో గోల్ చేశాడు. ముప్పై ఆరో నిమిషంలో మోంటోలివో దూరం నుంచి ఎత్తి వేసిన బంతి డిఫెండర్ల వెనక పడింది. ఈసారి అతను ఆలోచించలేదు, ఒక్క అదుపు, నాలుగు అంగల పరుగు, కుడికాలి దెబ్బ. బంతి గోల్ పై మూలకు చేరింది, న్యాయర్ అంతటి గోల్‌కీపర్ ఉన్నచోటు నుంచి కదల్లేదు. చొక్కా విప్పి శిలలా నిలబడ్డ అతని ఫోటో ప్రపంచమంతా తిరిగింది, అందుకు పడిన ఎల్లో కార్డు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఇటలీ 2-1తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక అతను స్టాండ్స్‌లో ఉన్న పెంపుడు తల్లి సిల్వియా దగ్గరికి వెళ్లి ఆమెను కౌగలించుకున్నాడు.

పద్దెనిమిది రోజుల తేడాలో కనిపించిన ఈ ఇద్దరూ ఒకే ఆటగాడు. గ్దాన్‌స్క్‌లో అతని మీద ఎవరూ అరవలేదు, ఎవరూ అతన్ని కవ్వించలేదు, రిఫరీ అన్యాయమూ చేయలేదు, అయినా అవకాశం చేజారింది. ఆ చేజారడానికి కోపాన్ని కారణంగా చూపగలమా? (ఇక్కడొక చిన్న పక్కమాట. ఆ క్రాస్ పంపిన కస్సానో అంతకు ముందు తరంలో ఇటలీకి ఉన్న ఇలాంటి తలనొప్పే. బారీ నగరపు పేటల్లో పెరిగి, పదిహేడేళ్లకే ఇంటర్ మిలాన్ క్లబ్బు మీద అద్భుతమైన గోల్ కొట్టి, ఆ తర్వాత వెళ్లిన దాదాపు ప్రతి క్లబ్బులోనూ ఎవరో ఒకరితో తగవు పడ్డవాడు. ఇద్దరు తిక్క మనుషులు కలిసి ఇటలీకి ఫైనల్ దారి తెరిచారన్నది క్రమశిక్షణ గురించి ఉపన్యసించేవారు అంతగా ఇష్టపడని సంగతి.)

అతని చుట్టూ కథలు ఎందుకు అల్లుకున్నాయో కూడా చూడాలి. 2011 అక్టోబరులో అతని ఇంటి బాత్రూమ్‌లో బాణసంచా అంటుకుని అగ్నిమాపక సిబ్బంది రావలసి వచ్చింది. మర్నాడే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, అప్పటి అతని జట్టు మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్ మీద సాధించిన 6-1 విజయంలో మొదటి రెండు గోల్స్ అతనివే. ఎప్పుడూ నన్నే ఎందుకంటారని అడిగే చొక్కా లోపల వేసుకొచ్చి మరీ చూపించాడు. తర్వాత బాణసంచా జాగ్రత్తలపై ప్రచారానికి అతన్నే ముందు నిలబెట్టారు, ఇంగ్లిష్ వారి హాస్యం అలా ఉంటుంది. వార్మప్‌లో చొక్కా మీద వేసుకునే చేతుల్లేని బిబ్ తొడుక్కోలేక తలా చేయీ ఎటు పోయాయో తెలియక తిప్పలు పడిన వీడియో లక్షలమంది చూశారు. జరిగినవి ఇవి. జరిగినదానికి కొంచెం కలిపి చెప్పినవీ ఉన్నాయి. ఇంటర్‌లో అతని కోచ్ మొరీన్యో తర్వాత ఒక టీవీ ఇంటర్వ్యూలో రష్యా క్లబ్బు కజాన్‌తో మ్యాచ్ గురించి చెబుతూ, హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాల్లో పద్నాలుగు నిమిషాలు ఎల్లో కార్డు ఉంది, ఇంకొకటి పడితే బయటికే, జాగ్రత్త అని మారియోకే చెప్పానని, ఆట మళ్లీ మొదలైన నిమిషంలోనే వాడు రెడ్ కార్డు తెచ్చుకున్నాడని సభను నవ్వించే కథకుడిలా చెప్పారు. అసలు అతను బయటికి వెళ్లింది గంట ఆట గడిచాక. కథ పండాలంటే మధ్యలో గడిచిన ఆ ఆట నిమిషాలు అడ్డమని ఆయనకు తెలుసు. అలాంటి కథ ఒకసారి అంటుకున్నాక, ఆటగాడు మామూలుగా ఆడిన రోజు కూడా జనం చూసేది ఆ కథనే.

అతని కోపానికి కారణాలు లేవని నేను అనడం లేదు. 1990 ఆగస్టు 12న పలెర్మోలో ఘానా దంపతులకు పుట్టి, మూడేళ్ల ప్రాయంలో బ్రెషా దగ్గర బాలోటెల్లి కుటుంబానికి పెంపకానికి వెళ్లాడు. ఇటలీలోనే పుట్టినా అక్కడి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండాకే, అంటే 2008లోనే పౌరసత్వం వచ్చింది. అప్పటికే ఇంటర్ తరఫున గోల్స్ కొడుతున్నవాడు చట్టం దృష్టిలో విదేశీయుడు. 2009 ఏప్రిల్‌లో యువెంటస్ అభిమానులు అతని రంగును దూషిస్తూ చేసిన నినాదాలకు ఆ క్లబ్బు ఒక మ్యాచ్‌ను ఖాళీ స్టేడియంలో ఆడవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2019 నవంబరులో, వెరోనాలో మళ్లీ అదే గోల. అతను బంతి చేత్తో పట్టుకుని స్టాండ్స్‌లోకి తన్ని, ఆడనని బయటికి నడిచాడు. సహచరులు బతిమాలి వెనక్కి తెచ్చాక అదే మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. ఆ బంతిని స్టాండ్స్‌లోకి తన్నడాన్ని నేను అతని తిక్కల జాబితాలో చేర్చను. అలాగని, ఆ దూషణలను చూపించి గ్దాన్‌స్క్ లాంటి నిమిషాలన్నిటినీ మాఫీ చేయను కూడా. రెండు ఖాతాలనూ వేరుగానే రాసుకోవాలి.

తన మీద తనకు అదుపు లేదన్న మాట కూడా పూర్తిగా నిలవదు. పెనాల్టీ అంటే ఒంటరిగా నిలబడి, స్టేడియమంతా ఈల వేస్తుండగా, గోల్‌కీపర్ ఎటు ఒరుగుతాడో చివరి అడుగు దాకా కనిపెట్టి బంతిని రెండోవైపు పంపడం. బాలోటెల్లి అలా వరుసగా 21 పెనాల్టీలు గోల్ చేశాడు. 2013 సెప్టెంబరులో నాపోలీ గోల్‌కీపర్ రేనా మొదటిసారి ఆపాడు. అదే మ్యాచ్ చివర్లో, అప్పటి అతని క్లబ్బు ఏసీ మిలాన్ తరఫున, దూరం నుంచి కళ్లు చెదిరే గోల్ కొట్టాడు, చివరి ఈల మోగాక రిఫరీతో వాదించి రెండో ఎల్లో కార్డు, దాంతో రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. పని చేతిలో ఉన్నంతసేపు అతను నిబ్బరంగా ఉంటాడు. పని లేనప్పుడే ఎటు పోవాలో తెలియదు.

స్ట్రైకర్ తొంభై నిమిషాల్లో బంతిని తాకేది బహుశా రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా రానిబంతి కోసం పరుగెత్తడం, డిఫెండర్ మీద ఒత్తిడి పెట్టడం, తోటివాడికి చోటు చేయడం. బాలోటెల్లికి రానిది, లేదా ఇష్టం లేనిది, సరిగ్గా ఇదే. మాంచెస్టర్ సిటీ తరఫున ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అతను తోటివాడి గోల్‌కు అందించిన పాస్ ఒకే ఒక్కటి. 2012 మే 13న, అదనపు సమయంలో, గోల్ వైపు వీపు పెట్టి, డిఫెండర్ మోపుతున్న బరువుకు కిందపడుతూ పడుతూనే కాలితో బంతిని సహచరుడు అగ్వేరో ముందుకు నెట్టాడు. నలభై నాలుగేళ్ల తర్వాత సిటీకి లీగ్ టైటిల్ తెచ్చిన గోల్ అది. అంతటి పాస్ ఇవ్వగలవాడు మూడు సీజన్లలో రెండోది ఎందుకు ఇవ్వలేదన్నదే నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న.

మన మైదానాల్లో దీనికి మూలం నాకు రోజూ కనిపిస్తుంది. పోర్టు స్టేడియంలోనో, ఉక్కునగరంలోనో అందరికంటే బాగా ఆడే కుర్రాడొకడు ఉంటాడు. వార్మప్‌కు పావుగంట ఆలస్యంగా వస్తాడు, బంతి పోతే వెనక్కి పరుగెత్తడు. ఆదివారం మ్యాచ్‌లో రెండు గోల్స్ కొడతాడు కాబట్టి మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. వాడికి కాస్త తిక్కలెండి, కానీ ఆట మాత్రం దేవుడిచ్చాడు అని పక్కన నిలబడ్డ పెద్దలు కూడా ముచ్చటగా చెప్పుకుంటారు. ఏడాది తర్వాత సెలక్షన్స్‌లో వాడికంటే తక్కువ ఆట ఉన్నవాడు ఎంపికైతే, అన్యాయం జరిగిందని గొడవ. వాడు గొడవ చేసినప్పుడు మందలించడం తేలిక. గొడవేమీ లేని మంగళవారం సాయంత్రం, వాడు నడుస్తున్నప్పుడు ఆట ఆపించి పరుగెత్తించడం కష్టం.

ఇంతకీ రాణించలేదని అంటున్నది దేనితో పోల్చి? 2010లో ఐరోపా యువ ఆటగాళ్ల గోల్డెన్ బాయ్ పురస్కారం గెలిచినప్పుడు, తనకంటే మెస్సీ ఒక్కడే కొంచెం మెరుగని అన్నాడు, రెండో స్థానంలో నిలిచిన ఇంగ్లండ్ ఆటగాడు విల్‌షేర్ ఎవరో తెలియదన్నాడు. ఆ విల్‌షేర్ గాయాలతో నలిగి 2022లో ముప్పై ఏళ్లకే ఆట మానేశాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, అప్పటి భారత జట్టు కోచ్ రహీం సాబ్ చేతుల్లో ఎదిగి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన తులసీదాస్ బలరాం అనారోగ్యంతో ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పాడు. ఆశించినంత దూరం వెళ్లకపోవడానికి తిక్క ఒక్కటే దారి అయితే మన పని సులువుగా ఉండేది.

బాలోటెల్లి లివర్‌పూల్‌లో లీగ్‌లో పదహారు మ్యాచ్‌లకు ఒక్క గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో నీస్ జట్టుకు వెళ్లి రెండు సీజన్లలో 15, 18 చొప్పున లీగ్ గోల్స్ చేశాడు. మొదటి ఏడాది ఆ జట్టు మూడో స్థానంలో నిలిచింది. లివర్‌పూల్ ముందువరుస నుంచే ఎడతెగని పరుగు కోరే జట్టు, నీస్ అతని కాళ్ల దగ్గరికి బంతి చేర్చే జట్టు. ఇటలీకి మొత్తం 36 మ్యాచ్‌లలో 14 గోల్స్. ఇది విఫలుడి లెక్క అని నేను అనలేను, 2012లో వార్సా చూసినవాళ్లకు సరిపోయే లెక్క అని కూడా అనలేను.

చివరిగా ఒక మ్యాచ్. 2022 మార్చి 24న ప్రపంచ కప్ అర్హత కోసం ఇటలీ ఉత్తర మాసిడోనియాతో ఆడింది. కోచ్ మాన్చిని, ఇంటర్‌లో అతనికి మొదటి అవకాశం ఇచ్చినవాడు, సిటీకి తెచ్చుకున్నవాడు, అక్కడ ప్రాక్టీసులో అతని చొక్కా పట్టుకుని లాగినవాడు కూడా. జనవరి శిబిరానికి అతన్ని పిలిచి చూశారు, మార్చి జట్టులోకి మాత్రం తీసుకోలేదు. వేదిక బాలోటెల్లి పుట్టిన పలెర్మో. ఇటలీ 32 సార్లు గోల్ వైపు కొట్టి ఒక్కటీ వేయలేక 1-0తో ఓడింది. మే నెలలో అతను టర్కీలో అదానా దెమిర్‌స్పోర్ తరఫున ఒకే మ్యాచ్‌లో అయిదు గోల్స్ కొట్టాడు. అయినా, శిబిరంలో అతన్ని దగ్గర నుంచి చూసిన మాన్చిని నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజు కావలసింది తొంభై నిమిషాలు పరుగెత్తే ముందువరుస. ముందు వరుసలో కూర్చున్న కోచ్‌లలో కొందరు ఇప్పటికే తల అడ్డంగా ఊపుతున్నారు. మీరైతే అతన్ని పిలిచేవారా, ఎందుకు పిలిచేవారో చెప్పండి. మైకు మీకే ఇస్తున్నాను.