కాగితం నిండా ఆర్‌లే

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోతే భోజనాల టైం అవుతుంది, ఏమనుకోవద్దు. సైన్స్ డే కాబట్టి సీవీ రామన్ గురించి చెప్పమన్నారు. పిల్లలు ఇందాకే నాకంటే బాగా చెప్పేశారు. నేను నీళ్ల గురించి మాట్లాడతాను.

నల్లగొండలో నీళ్లంటే మనకు ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, ఆ పాఠం చెప్పీచెప్పీ నా గొంతు పోయింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, ఇక భయం లేదు అనుకున్నాను. నేనే అనుకున్నాను.

మూడేళ్ల కింద మా అమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఎన్ని గోలీలు వేసినా తగ్గలేదు, ఏ మందుకు ఆ బ్యాక్టీరియా చస్తుందో చూసే కల్చర్ టెస్టు చేయించారు. రిపోర్టులో మందుల పేర్లుంటాయి, పక్కన ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే చెయ్యదు. పై నుంచి కిందికి ఆర్, ఆర్, ఆర్. చివర్లో రెండు సూదిమందులకే ఎస్. ముప్పై ఏళ్లు బ్యాక్టీరియా పాఠం చెప్పినవాణ్ని, ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లో కూలబడ్డాను. ఊరు దాటని ముసలమ్మకు ఇది ఎక్కడిదండీ?

ఎక్కడిదో నాకూ తేలలేదు. కానీ 2011లో ఢిల్లీ లెక్క బయటికొచ్చింది. అక్కడ 50 నల్లా నీళ్ల శాంపిళ్లు చూస్తే రెండింటిలో, వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చూస్తే 51లో బ్యాక్టీరియాలో ఉండే ఎన్‌డీఎం-1 అనే జన్యువు దొరికింది. పెద్ద ఆసుపత్రుల్లో ఆఖరికి వాడే కార్బాపెనెమ్ మందులనే అది విరగ్గొడుతుంది. అంతకుముందు 2007లో మన పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన ఫ్యాక్టరీ నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ గోలీ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

వెనకాల ఫోన్ చూసే తమ్ముడూ, ఇది విను. రాగి, జింకు, పాదరసం లాంటి లోహాలు మురుగులో చేరతాయి. బ్యాక్టీరియా ఒంట్లో మన బోరు మోటారు లాంటి పంపులుంటాయి, కొన్ని పంపులు లోహాన్నీ మందునూ రెండింటినీ బయటికి తోసేస్తాయి. ఒక్కోసారి రెండింటినీ తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉంటాయి, అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతుంది. గోలీ వాడకం ఆపినా, బురదలో లోహం ఏళ్లకేళ్లు ఉండి ఆ మొండిదాన్నే పెంచుతుంది. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ కలిసేది మన వాడపల్లి దగ్గర కృష్ణలోనే.

మరి ఈ మొండి బ్యాక్టీరియాలు నల్లాలోకి ఎట్లా వస్తాయంటారా? పైపు మోరీలోంచి పోతుంది, నీళ్లు ఆపగానే ప్రెషర్ పడిపోతుంది, కంత ఉంటే మురుగు లోపలికి పోతుంది. నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగలాలి. మీ వీధిలో ఎవరైనా ఎప్పుడైనా చూశారా? క్యాన్ నీళ్లే తాగుతున్నామంటారు, ఆ క్యాను లోపల ఎప్పుడు కడిగారో అడగండి.

డాక్టరు ఆ రోజు నన్నొకటి అడిగాడు: అమ్మకు జ్వరమొస్తే ఏం వేస్తారు? మెడికల్ షాపులో రెండు గోలీలు, తగ్గితే మూడోది వెయ్యం. తెచ్చిచ్చేది ఎవరు? నేనే, చీటీ కూడా లేకుండా.

మీ ఇళ్లలో సగం మిగిలిన షీట్లు ఎన్నున్నాయి? చేతులెత్తండి. ఇంకా ఎత్తాలి, సార్ మీరు కూడా.

అమ్మకు తగ్గింది, సూదులు మాత్రం పద్నాలుగు రోజులు. ఆ రిపోర్టుకు లామినేషన్ చేయించి తెచ్చాను, ముందు వరుస నుంచి వెనక్కి పంపించండి. పోయేటప్పుడు నాకు తిరిగి ఇచ్చెయ్యండి, ఒక్కటే కాపీ ఉంది.